ఆయన హస్తవాసి

మా ఆయన ఇనుము చేత పల్లాడియం పని చేయించారని ఆ ఏడు వానలు మొదలయ్యేనాటికి ప్రపంచమంతా చెప్పుకుంటోంది. ప్రపంచం అంటే ఆయన లెక్కలో ఆయన పేపర్లు చదివే నలుగురు. మిగతా మానవజాతిని ఆయన గుమాస్తాల కింద, డ్రైవర్ల కింద, భార్యల కింద జమకట్టేవారు.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెబుతాను. ఆర్గానోమెటాలిక్ కెమిస్ట్రీ అంటే లోహానికీ కార్బన్‌కీ కాపురం పెట్టించే శాస్త్రం. గాలి తగిలినా, తడి తగిలినా ఆ కాపురం కూలిపోతుంది. అందుకని నైట్రోజన్ నింపిన గాజుసామానులో దాచి ఉంచాలి. ఇంత గారాబం ఎందుకయ్యా అంటే, అలాంటి పదార్థం పిసరంత వేస్తే చాలు, మామూలుగా ఒకదాని మొహం ఒకటి చూడని రెండు రసాయనాలు అతుక్కుంటాయి. మందులు తయారుచేసేవాళ్లకు రోజూ కావలసిన పని ఇది. ఇన్నాళ్లూ దీనికి పల్లాడియమే దిక్కు. అది బంగారంతో పోటీపడే లోహం. అదే పని తుప్పుపట్టే ఇనుముతో అయిపోతుందని మా ఆయన పేపరు అచ్చువేశారు. దాంతో ఆయన కోసం ఒక కొత్త పరిశోధన కేంద్రం కట్టించాలని పైవాళ్లు ఆలోచనలో పడ్డారు. వానలు వెనకపట్టేసరికి ఒక కమిటీ వచ్చి చూసి వెళుతుందని కబురొచ్చింది. ఆ కబురుతో మా ఆయన నడకే మారిపోయింది. వరండాలో చెప్పులు విప్పేటప్పుడు కూడా ఎవరో ఫొటో తీస్తున్నట్టు వంగేవారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ ప్రయోగం ఆయన చేస్తేనే వచ్చేది. ఇంకెవరు చేసినా వచ్చేది కాదు.

ఇంకెవరు అంటే ముఖ్యంగా మా పైగదిలో ఉండే అమ్మాయి. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తోంది. తల వంచుకుని వెళ్లడం, తల వంచుకుని రావడం, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి మోసుకుంటూ ఉండటం చూసి మా అత్తగారు ఆ పిల్లకు చీమ అని పేరు పెట్టారు. చీమ చదువంతా ఆ ఇనుము మీదే ఆధారపడి ఉంది. సార్ చేసిన ప్రయోగాన్ని కొత్త కొత్త పదార్థాల మీద చేసి చూపించాలి. కొత్తవి దేవుడెరుగు, సార్ చేసిందే దాని చేతిలో రావడం లేదు.

ఒక ఆదివారం ఉదయం, బయట కుండపోతగా కురుస్తుంటే, ఆయన కాఫీ తాగుతూ చీమను కిందికి పిలిపించారు.

"మళ్లీ రాలేదా?"

"రాలేదు సార్. ఈసారి సాల్వెంట్లు కూడా మళ్లీ డిస్టిల్ చేశాను."

"గాజుసామాను?"

"అన్నీ బేస్ బాత్‌లో నానబెట్టి, యాసిడ్‌తో కడిగి, ఓవెన్లో ఆరబెట్టాను సార్. బీడ్లు కూడా."

బీడ్ అంటే చిటికెనవేలి గోరంత అయస్కాంతం, పైన తెల్లటి టెఫ్లాన్ తొడుగు. ఫ్లాస్కులో వేసి హాట్‌ప్లేట్ మీద పెడితే, కింద మర తిరుగుతుంటే పైన ఇది తిరుగుతూ ద్రవాన్ని కలుపుతుంది. కెమిస్టుకి గరిటెలాంటిది. గరిటె గురించి ఎవరూ ఆలోచించరు.

"అన్నీ చేసినా రాలేదంటే ఎక్కడో మురికి ఉందన్నమాట," అన్నారు మా ఆయన, కప్పులో చూస్తూ. "పైగా వానాకాలం. గాలి నిండా తేమ. నీకు శుభ్రత చాలదమ్మాయ్. వెళ్లు, ఇంకా కడుగు."

చీమ తల ఊపింది. మా అత్తగారు ఎదురు కుర్చీలో ఉన్నారు. ఆవిడకు కెమిస్ట్రీ తెలియదు గాని చేతులు తెలుసు. "ఇలా రావే," అని చీమ చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. గ్లవ్స్ తొడుక్కున్నా ఆ మందులూ ఆ నీళ్లూ ఎక్కడో ఒకచోట దూరుతాయి.

"కడగమన్నాడని చర్మం కూడా కడిగేసుకుంటావా? కోడలా, ఆ వేజలైన్ డబ్బా ఇలా ఇవ్వు."

"పర్లేదు మామ్మగారూ."

"నువ్వు ఊరుకో. వాడు చెప్పినట్టు చెయ్యి, కాదనను. వాడు చిన్నప్పట్నుంచీ క్లాసులో ఫస్టు. కానీ రాత్రిపూట ఇది రాసుకుని పడుకో."

కాకిపిల్ల కాకికి ముద్దు. మా అత్తగారి లెక్కలో కొడుకు తప్పు చెయ్యడు, ఒకవేళ చేస్తే అది తప్పు కాదు. ఆవిడతో వాదించడం నేను ఎప్పుడో మానేశాను. పక్కింటివాళ్లతో కూడా "మావాడు ఇనుముని బంగారం చేశాడు" అని చెప్పేవారు, అది వేరే శాస్త్రమని నేను ఎన్నిసార్లు చెప్పినా.

ఇక నా సంగతి. మా ఆయన ల్యాబ్ ఉన్న ఆవరణలోనే కాలేజీ ఉంది. అక్కడ మొదటి సంవత్సరం పిల్లలకు నేను కెమిస్ట్రీ చెబుతాను. శనివారం పూట మెట్లు మెట్లుగా బెంచీలుండే గ్యాలరీలో ప్రయోగాలు చేసి చూపిస్తాను. రంగులు మారేవీ, పొంగేవీ, వెలిగేవీ, టపీమని పేలేవీ. మా ఆయన దీనికి పెట్టిన పేరు గారడీ. "నీ గారడీ అయిందా?" అనేవారు శనివారం సాయంత్రం. ఆ గారడీలో నాకు ఒక కట్టుబాటు ఉంది. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి పిల్లలందరూ చెయ్యెత్తాలి. చెయ్యెత్తించకుండా నేను అగ్గిపుల్ల కూడా గీయను. తప్పు ఊహించినవాడే ఆ ప్రయోగాన్ని జన్మలో మరిచిపోడు. రెండో కట్టుబాటు నాకు నేనే పెట్టుకున్నది. వెనక బెంచీ వాడు ఎవడో ఒకడు లేచి "మేడమ్, అది వెయ్యకపోతే ఏమవుతుంది?" అని కచ్చితంగా అడుగుతాడు. అందుకని ఏ ప్రయోగమైనా ఒక్కొక్కటీ మానేసి ముందే చేసి చూసుకుంటాను. ఇది నా తెలివి కాదు. గ్యాలరీలో నిలబడి తెల్లమొహం వెయ్యలేక చేసే పని.

శ్రావణం వానల్లో ఒకరోజు శనివారం క్లాసుకి లిక్విడ్ నైట్రోజన్ అడగడానికి ఆయన ల్యాబ్‌కి వెళ్లాను. మా ఆయన పొగలు లాగేసే హుడ్ ముందు నిలబడి ఉన్నారు. పక్కన తందాన. అతను అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్. సార్ తాన అంటే తందాన అంటాడు గనుక విద్యార్థులు పెట్టిన పేరు అది. ఫ్లాస్కులో ప్రయోగం పూర్తయినట్టుంది. మా ఆయన అల్ట్రావయొలెట్ దీపం వేశారు. ఫ్లాస్కు నీలంగా వెలిగింది. రెండు రసాయనాలూ అతుక్కుంటేనే ఆ వెలుగు వస్తుంది, లేకపోతే మామూలు నీళ్లలాగే ఉంటుంది. అందంగానే ఉంది, కాదనను.

"చూశారా సార్, మీరు ముట్టుకుంటే చాలు," అన్నాడు తందాన.

"డాక్టర్లకి హస్తవాసి ఉంటుందంటారు కదా. కెమిస్టుకీ ఉంటుంది," అన్నారు మా ఆయన.

"అది పుట్టుకతో రావాలి సార్."

"పేపర్లో పద్ధతి రాసేచోట అది కూడా రాశారా?" అని అడిగాను. "హస్తవాసి, ఒక చెంచా అని?"

తందాన నవ్వబోయి సార్ మొహం చూసి దగ్గాడు. మా ఆయన నాకేసి చూడకుండా ఫ్లాస్కులోంచి బీడ్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, చిన్న మూత డబ్బాలో వేసుకున్నారు. అందులో మరికొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడినవి. తెల్లగా ఉండాల్సిన టెఫ్లాన్ బూడిదరంగుకి తిరిగి, అక్కడక్కడ నల్లటి మచ్చలు పడి ఉంది.

"అవి కడగరా?" అన్నాను.

"నావి ఎవరూ కడగరు. యాసిడ్‌లో వేసి పాడుచేస్తారు."

హస్తవాసి మీద నడిచేదాన్ని వైద్యం అనొచ్చు, వంట అనొచ్చు. కెమిస్ట్రీ అనకూడదు. ఇంత చదువుకున్న మనిషి అంత మాట అంత ధీమాగా ఎలా అనగలిగారా అనుకుంటూ నా నైట్రోజన్ నేను పట్టుకుని వచ్చేశాను.

ఆ వారంలోనే ఆయన భోజనాల బల్ల దగ్గర చీమ సంగతి తేల్చేశారు. చీమ అప్పుడు ల్యాబ్‌లో ఉంది.

"కమిటీ వచ్చినరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి విషయం కూడా వాళ్ల ముందు పెడుతున్నాను. తీసెయ్యాలి."

"తీసెయ్యడమేమిటి? నాలుగేళ్లుగా చేస్తోంది."

"మీ శిష్యురాలికే రావడం లేదేమని వాళ్లు అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉండాలి కదా. అమ్మాయికి చేతకాదు, అదీ జవాబు."

"తీసేస్తే ఇంకెక్కడా చేర్చుకోరు. దాని చదువు అక్కడితో సరి."

"అది నా తప్పా?" అని పెరుగు కలుపుకున్నారు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఈయనది ఇంకా నయం. ఆయన ఆడుతూనే ఉన్నారు, ఓడు మాత్రం చీమ మెడకి తగిలిస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఇనుము ఆయన చేతిలో వెలిగిన మాట నేనూ కళ్లారా చూశాను. ఏమని వాదించను? లేచి కంచాలు తీశాను.

కమిటీ తేదీ ఖాయమైంది. శనివారం. తందానకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద రసాయనాన్ని మొదటి సంవత్సరం పిల్లల ముందు, గ్యాలరీలో, తేలిగ్గా చేసి చూపిస్తే కమిటీ పడిపోతుందని. మా ఆయనకి నచ్చింది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు.

"శనివారం నీ ప్రదర్శన ఉంటుంది కదా."

ఇరవై ఏళ్లలో గారడీ పేరు ప్రదర్శనగా మారడం అదే మొదలు. "ఉంటుంది," అన్నాను.

"మా ఇనుము అందులో చూపించు. పిల్లలతో మాట్లాడటం నీకు బాగా వచ్చు."

"మీరే చూపించొచ్చు కదా. హస్తవాసి ఉంది."

"ప్రతిదానికీ వెటకారమేనా? నేను కమిటీ పక్కన కూర్చోవాలి."

ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ కుతూహలంగానే ఉంది. ఆయన తన ఇనుము పొడి నైట్రోజన్ నింపిన ఒక సీసాలో ఇచ్చారు. నా ప్రిపరేషన్ గదిలో, కొత్త ప్యాకెట్ విప్పి బీడ్ వేసి, ఆయన చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేశాను. వెలగలేదు. మళ్లీ చేశాను, వెలగలేదు. ఆయనకి చెబితే నవ్వుతూ వచ్చారు. జేబులోంచి ఆ డబ్బా తీసి తన బీడ్ ఒకటి వేశారు, మిగతా అంతా నేనే కలిపాను. నీలంగా వెలిగింది.

"ఎవరి చేతిలో వస్తుందో వాళ్ల చేతిలోనే వస్తుంది," అన్నారు. బీడ్ నా దగ్గరే వదిలి వెళ్లారు. "శనివారం ఇదే వాడు. కడక్కు."

ఆయన వెళ్లాక నేను నా అలవాటు చొప్పున వెనక బెంచీ వాడి ప్రశ్నలకి సిద్ధం కావడం మొదలుపెట్టాను. వేడి చెయ్యకపోతే? వెలగలేదు. సోడా వెయ్యకపోతే? వెలగలేదు. ఇనుము వెయ్యకపోతే? ఆయన బీడ్ వేసి, ఇనుము మానేసి, తక్కినవన్నీ కలిపి హాట్‌ప్లేట్ మీద పెట్టి టీ తాగడానికి వెళ్లాను. వచ్చి దీపం వేస్తే నీలంగా వెలుగుతోంది. ఇంతకుముందు ఎంత వెలిగిందో అంతే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బీడ్ బయటికి తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ఆ నల్లమచ్చలు. ఇనుము జోలికి రాకముందు ఆయన పదేళ్లపాటు చేసిందంతా పల్లాడియమే. అది టెఫ్లాన్ గీతల్లో చేరి కూర్చుంటుంది, తుడిస్తే పోదు, యాసిడ్‌లో వేసి కడిగితేనే పోతుంది. పిసరంత చాలని చెప్పాను కదా. ఇనుము చేసిందేమీ లేదు. పేపర్లో ఇనుము లేకుండా కూడా చేసి చూశామని ఉంది, వెలగలేదని ఉంది. ఎందుకు వెలుగుతుంది? అలాంటి చిల్లర పనులు తందానకి అప్పగిస్తారు, సార్ బీడ్లు ముట్టుకునే అర్హత తందానకి లేదు, అతను కొత్తది వాడి ఉంటాడు.

అప్పుడు చీమ గుర్తొచ్చింది. పుస్తకంలో ఎలా ఉందో అలా, బీడ్‌తో సహా, ప్రతిసారీ యాసిడ్‌తో కడిగింది. రాకపోతే ఇంకా గట్టిగా కడిగింది. ఆ ల్యాబ్ మొత్తం మీద శుభ్రంగా పని చేసింది అదొక్కతే, అందుకే దానికి రాలేదు. శుభ్రత లేదని తిట్లు తిన్నదీ అదే. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అయినా మా ఆయన మీద అప్పటికింకా జాలే ఉంది, చెప్పొద్దూ. పాపం, తెలియక మోసపోయారు, తెలిస్తే ఎంత కుంగిపోతారో, ఎలా చెప్పాలి అని దారంతా మాటలు కూర్చుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన అప్పుడే వచ్చినట్టున్నారు, వరండాలో గొడుగు దులుపుతున్నారు.

"ఇనుము వెయ్యకుండా చేశాను," అన్నాను. "మీ బీడ్‌తో. వెలిగింది."

ఆయన గొడుగు మడిచి మూల పెట్టారు. లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించారు.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

అంతే అడిగారు. అదెలా జరిగిందని అడగలేదు. మళ్లీ చేశావా అని అడగలేదు. నువ్వేదో పొరబాటు చేసి ఉంటావని కూడా అనలేదు, ప్రతిదానికీ అనే మనిషి.

"మీకు తెలుసు," అన్నాను.

"వేసవిలో అనుమానం వచ్చింది. చూశాను."

"చూసి?"

"చూసి ఏమిటి? కమిటీ వస్తోంది. కేంద్రం ఇవ్వనీ. తర్వాత నిదానంగా నేనే ఒక సవరణ అచ్చువేస్తాను. సైన్సు తన తప్పు తనే దిద్దుకుంటుంది. తొందరేముంది?"

"చీమని ఆ రోజే తీసేస్తున్నారు కదా. దానికి తొందర లేదా?"

"ఆ అమ్మాయి ఎలాగూ నెమ్మదే. ఎక్కడో ఒక ఉద్యోగం దొరుకుతుందిలే. పెద్ద పనిలో ఇలాంటివి ఉంటాయి, నీకు తెలియదు. శనివారం నా బీడ్ వెయ్యి, ఇనుము వెయ్యి, దీపం వేసి చూపించు. అంతకుమించి మాట్లాడకు."

"శనివారం చూపిస్తాను," అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్లారు. నా మాట ఆయనకు ఎప్పుడూ సగమే వినబడుతుంది. జాలిపడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తెలియక తప్పు చేసినవాణ్ణి మూర్ఖుడంటాం. తెలిసి, ఒక ఆడపిల్ల చేతులు పగిలేలా కడుగుతుంటే చూస్తూ కాఫీ తాగేవాణ్ణి ఏమనాలో నాకు అప్పటికి మాట దొరకలేదు.

శనివారం గ్యాలరీ కిక్కిరిసింది. ముందు వరసలో కమిటీ. చైర్‌పర్సన్ గారు తెల్లజుట్టు కురచగా కత్తిరించుకున్న పెద్దావిడ, నోరు తక్కువ, కళ్లు ఎక్కువ. ఆవిడ పక్కన మా ఆయన, కొత్త చొక్కాలో. ఆ వెనక తందాన, ఎప్పుడు చప్పట్లు కొట్టాలా అని చేతులు సిద్ధంగా పెట్టుకుని. చీమ అందరికన్నా పైన, తలుపు దగ్గర. మధ్యాహ్నం తనని పిలుస్తారని దానికి ముందురోజే చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు.

నేను బల్ల మీద రెండు హాట్‌ప్లేట్లు, నైట్రోజన్ నింపిన రెండు ఫ్లాస్కులు పెట్టాను. ఒకటే ఉంటుందనుకున్న మా ఆయన రెండోదాన్ని చూసి కాలు మీది కాలు దించారు.

"ఇది ఒకటో ఫ్లాస్కు," అన్నాను పిల్లలతో. "ఇందులో సార్ కనిపెట్టిన ఇనుము వేస్తున్నాను. బీడ్ కొత్తది, ఇదిగో ప్యాకెట్, మీ ముందే విప్పుతున్నాను. ఇది రెండోది. ఇందులో ఇనుము లేదు. బీడ్ మాత్రం సార్ ల్యాబ్‌లోది, పాతది. మిగతావన్నీ రెండింటిలోనూ ఒకటే. రసాయనాలు అతుక్కుంటే దీపం కింద నీలంగా వెలుగుతుంది. ఏది వెలుగుతుందో ఇప్పుడు చెప్పాలి."

రెండూ కాగుతుండగా అడిగాను. "ఒకటోది అనేవాళ్లు?"

గ్యాలరీ అంతా చేతులే. కమిటీలో వాళ్లు కూడా సరదాగా ఎత్తారు. తందాన ఏకంగా రెండు చేతులూ ఎత్తాడు. మా ఆయన మాత్రం ఎత్తలేదు. రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నారు.

"రెండోది అనేవాళ్లు?"

ఎవరూ లేరు. పిల్లలు నవ్వుతున్నారు.

"మా క్లాసులో చెయ్యెత్తకుండా ఎవరూ కూర్చోరు సార్," అన్నాను.

గ్యాలరీ గొల్లుమంది. మా ఆయన మింగలేక కక్కలేక నా వైపు చూశారు. ఒకటోదానికి ఎత్తితే, ఇంకాసేపట్లో ఇంతమంది పిల్లల ముందు తప్పు జవాబు చెప్పినవాడవుతారు. రెండోదానికి ఎత్తితే, తెలిసినవాడవుతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమే అది. తెలివున్నవాడైతే ఒకటోదానికి ఎత్తి, తర్వాత ఆశ్చర్యపోయినట్టు నటించేవాడు. కానీ నాకు ఆయన తెలుసు. దొంగ అనిపించుకోవడానికైనా సిద్ధపడతారు గాని, పరీక్షలో తప్పాడని మాత్రం అనిపించుకోలేరు.

ఆయన చెయ్యి రెండోదానికి లేచింది. భుజం దాకా, సగం.

నేను దీపం వేశాను. ఒకటోది నీళ్లలాగే ఉంది. రెండోది నీలంగా వెలిగింది. చప్పట్లు మోగాయి. సార్ ఒక్కరే కనిపెట్టారని పిల్లలు ఈలలు వేస్తున్నారు. తందాన కూడా కొడుతున్నాడు, పాపం, దేనికో తెలియకుండానే. చైర్‌పర్సన్ గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మా ఆయన వైపు తిరిగి మామూలు గొంతుతో అడిగారు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఊరికే... ఊహించానండి," అన్నారు మా ఆయన.

"ఊహ ఉంటే, మీ విద్యార్థికి ఇది రావడం లేదని తీసెయ్యమంటూ మధ్యాహ్నం మా ముందు ఎందుకు పెడుతున్నారు?"

మా ఆయన నాకేసి చూశారు. ఇంట్లో తువ్వాలు కనబడనప్పుడు చూసే చూపు అది. నేను ఎక్కణ్ణుంచో తెచ్చి చేతికి ఇస్తానని గట్టి నమ్మకం.

"వేసవి నుంచి తెలుసండి," అన్నాను నేను. "నాకు తెలిసి పది రోజులు కూడా కాలేదు. చెబితే, శనివారం దాకా నోరు మూసుకోమన్నారు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చైర్‌పర్సన్ గారు కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకున్నారు. "మధ్యాహ్నం ఆ అమ్మాయి విషయం మాట్లాడం," అన్నారు మా ఆయనతో. "మీ విషయం మాట్లాడతాం. ఆ అమ్మాయికి వేరే గైడ్‌ని చూడమని ఇప్పుడే చెబుతున్నాను, అందరూ విన్నారు కదా."

అందరూ వెళ్లిపోయాక చీమ మెట్లు దిగి బల్ల దగ్గరికి వచ్చింది. రెండో ఫ్లాస్కు అడుగున ఉన్న బీడ్‌ని వంగి చూసింది.

"అయితే నేను కడగడం వల్లే రాలేదా మేడమ్?"

"అవును. నీకు వచ్చిందే సరైన ఫలితం. మొదట్నుంచీ."

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకే చేతకాదనుకున్నానండీ," అంది. "మానేసి వెళ్లిపోదామని బట్టలు కూడా సర్దుకున్నాను." అని ముఖం తుడుచుకుని బయటికి నడిచింది. కిటికీలోంచి చూస్తే తందాన అప్పుడే చైర్‌పర్సన్ గారికి గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ సాయంత్రం మేం ఇంటికి చేరేసరికి చీమ పైగదిలోకి వెళ్లి తలుపు వేసుకుందని మా అత్తగారు చెప్పారు. జరిగింది ఆవిడకు సగం చీమ చెప్పినట్టుంది.

"ఏం జరిగిందిరా?"

"నీ కోడలు నలుగురిలో నా పరువు తీసింది."

"ఉంటే కదా తియ్యడానికి," అన్నాను.

"నువ్వుండు," అన్నారు అత్తగారు, నాకేసి చూడకుండానే. "ఆ పిల్ల తప్పేమీ లేదటగా?"

"అది చెబితే నీకు అర్థం కాదమ్మా. టెఫ్లాన్ మీద పల్లాడియం..."

"దాని గురించి అడగలేదు. కడగడం వల్లే దానికి రావడం లేదని నీకు ముందే తెలుసా?"

ఎంతమంది ముందైనా ఎన్ని రకాలుగానైనా మాట్లాడగల మనిషికి తల్లి ముందు ఒక్క మాటే మిగిలింది. "తెలుసు," అన్నారు మా ఆయన.

"తెలిసే, నా ఎదురుగా, ఇక్కడే కూర్చుని, ఇంకా కడుగు అన్నావా?"

అత్తగారు ఇంకేమైనా చెబుతాడేమోనని కొడుకు మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. ఆవిడ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ క్షణం దాకా నాకే తెలియదు. తర్వాత ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి మెట్ల వైపు నడిచారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ మెట్లు ఎక్కి ఏళ్లయింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మా ఆయన.

"దానికి క్షమాపణ చెప్పాలి కదా. నువ్వు వెళ్లవుగా."

రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ ఎక్కుతున్నారు. మా ఆయన కాసేపు అటే చూశారు. లేస్తారనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "భోజనం ఇంకా కాలేదా?" అన్నారు.

నా కాపురం కూలింది అక్కడే. గ్యాలరీలో కాదు, వరండాలో గొడుగు దగ్గరా కాదు. సగం మెట్ల మీద అత్తగారు ఆయాసపడుతూ ఆగిపోయారు. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.